వెనుక చక్రానికొక ఊత: కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం

బండికి కందెన పెట్టడం మన పల్లెలకు కొత్త విద్య కాదు. ఎడ్లబండి ఇరుసుకు కందెన వేయవలసి వచ్చినప్పుడు మన తాతలు బండిని ఒక పక్కకు ఎత్తి, ఇరుసు కింద గట్టి ఊతకర్ర నిలిపి, చీల తీసి, చక్రాన్ని బయటకు లాగేవారు. ఊత కదలడం లేదని చేతితో తట్టి చూసుకున్న తర్వాతనే చక్రం జోలికి వెళ్లేవారు. అంతకన్న ముందు ఎడ్లను విప్పి దూరంగా కట్టివేసేవారు. ఈ చివరి మాటను పాఠకులు ప్రత్యేకంగా గమనించవలెనని కోరుతున్నాను. ఎందుకంటే నేడు మన యువకులు మోటారు సైకిలు చైను తుడిచే విధానం చూస్తే, ఎడ్లను విప్పకపోవడమే కాక వాటిని అదిలిస్తూ కందెన పెడుతున్నట్లుగా ఉన్నది.

తొర్రూరు నాలుగు దిక్కుల ఊళ్లకు కూడలి. వరంగల్లు నుంచి ఖమ్మం పోయే జాతీయ రహదారి ఊరి నడుమ నుంచి సాగుతుంది. నెల్లికుదురు, పెద్దవంగర, దంతాలపల్లి, రాయపర్తి, మరిపెడ వైపుల నుంచి నిత్యం వచ్చిపోయేవారికి మోటారు సైకిలు నేడు విలాసం కాదు, అవసరం. రోజుకు 30 కి.మీ. తిరిగే బండి పదిహేడు రోజులలో 500 కి.మీ. దాటుతుంది. ఇంచుమించు ఆ దూరానికొకసారి చైనును శుభ్రపరచి నూనె పెట్టవలె. వానకాలపు బురదలోనూ, ఎండకాలపు దుమ్ములోనూ ఇంకా ముందే పెట్టవలసి వస్తుంది. చైను పూర్తిగా డబ్బాలో మూసి ఉండే పాత తరహా బండ్లకు ఈ బాధ కొంత తక్కువ. యువకులు మోజుపడి కొనే బండ్లకు చైను బయటకే ఉంటుంది.

ఇక్కడొక చిక్కు ఉన్నది. రాజ్‌దూత్, యెజ్డీ, బుల్లెట్ల కాలంలో ప్రతి బండికీ సెంటర్ స్టాండు ఉండేది. దాని మీద నిలిపితే వెనుక చక్రం దానంతటదే నేలను విడిచేది. నేటి కె.టి.ఎం. డ్యూక్, యమహా ఆర్ 15 వంటి బండ్లకు ఆ స్టాండు లేదు. బరువు తగ్గుతుందనీ, మలుపులో బండి వాలినప్పుడు ఇనుము నేలకు తగలకుండా ఉంటుందనీ దానిని తీసివేశారు. పందెపు బాటలో ఈ కారణం సబబే. కాని మన పెరటిలో చైను తుడవవలసిన వానికి చక్రం గాలిలో తిరిగే ఉపాయం లేకుండా పోయింది. అందువల్ల కొందరు సైడు స్టాండు మీదకే బండిని వాల్చి, ఒకడు పట్టుకోగా మరొకడు చక్రం తిప్పుతాడు. కొందరు ఇటుకలు పేర్చుతారు. మరికొందరు ఇంజను నడిపి, మొదటి గేరు వేసి, తిరుగుతున్న చైనుకు గుడ్డ అదిమి పట్టుకుంటారు.

ఈ మూడవ పద్ధతిని గురించి ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 150 సి.సి. బండి ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 1400 చుట్లు తిరుగుతుంది. మొదటి గేరులో అది వెనుక చక్రానికి చేరేసరికి దాదాపు ముప్పయ్యవ వంతుకు తగ్గి నిమిషానికి 45 చుట్ల చిల్లర అవుతుంది. చూసేవారికి చక్రం తాపీగానే తిరుగుతున్నట్లు కనిపిస్తుంది. కాని వెనుక పళ్లచక్రానికి 42 పళ్లు ఉంటే, ఒక్కొక్క పంటికి చైను 12.7 మి.మీ. చొప్పున, ఒక చుట్టుకు 53 సెం.మీ. జరుగుతుంది. అంటే సెకనుకు సుమారు 40 సెం.మీ. గుడ్డ కొస చైనులో చిక్కుకున్నప్పుడు వేలు పళ్లచక్రానికి రెండు సెంటీమీటర్ల దూరంలో ఉంటే, అది లోపలికి పోవడానికి పట్టే కాలం సెకనులో ఇరవయ్యవ వంతు. అపాయాన్ని గుర్తించి మనిషి చేయి వెనక్కి తీసుకోవడానికి సెకనులో ఐదవ వంతు కావలె. జాగ్రత్తగా ఉంటానని చెప్పేవాడు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవలెను. ఇది జాగ్రత్తతో తీరే విషయం కాదు.

దీనికి విరుగుడుగా వచ్చిన సాధనమే పాడక్ స్టాండు. పాడక్ అంటే మొదట గుర్రాలను తిప్పే ఆవరణ. తర్వాత మోటారు పందేలలో బండ్లను సిద్ధపరిచే చోటుకు ఆ పేరు వచ్చింది. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోటలో 1990లో తెరిచిన పందెపు బాటలోనైనా, 2023లో ప్రపంచస్థాయి మోటారు సైకిలు పందెం జరిగిన ఢిల్లీ సమీపపు బుద్ధ్ సర్క్యూట్‌లోనైనా పందెపు బండ్లు నిలిచేది దీని మీదనే. చూడడానికి సామాన్యమైన ఇనుప చట్రం. ముందు రెండు చేతులు, వాటి కొసన కొక్కేలు గాని రబ్బరు మెత్తలు గాని ఉంటాయి. అడుగున రెండు చిన్న చక్రాలు, వెనుక పొడవైన పిడి. వెనుక చక్రాన్ని ఇరువైపులా మోసే దూలం వంటి భాగాన్ని స్వింగ్ ఆర్మ్ అంటారు. స్టాండు ఆ భాగాన్ని పట్టి పైకెత్తుతుంది.

ఏతం ఎరిగిన మనకు ఇందులోని సూత్రం తెలిసినదే. 150 కిలోల బండిలో సగం బరువు, అనగా 75 కిలోలు, వెనుక ఉన్నదనుకుందాం. కొక్కేనికీ చిన్న చక్రానికీ నడుమ 10 సెం.మీ., చక్రానికీ పిడికీ నడుమ 60 సెం.మీ. ఉంటే, పన్నెండున్నర కిలోల బలంతో పిడిని నొక్కినా బండి లేస్తుంది. మన విద్యార్థులు తులాదండ సూత్రాన్ని పరీక్షలో చక్కగా రాస్తారు. కాని సగం ఎత్తిన తర్వాత పిడి చేయి జారితే, అదే సూత్రం తిరగబడి ఆ 75 కిలోలు పిడిని పైకి విసురుతాయన్న సంగతిని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. పిడి మీదకు మొగం వంచి నొక్కేవాని దవడకు అది తెలుస్తుంది.

కాబట్టి స్టాండు కొన్నంత మాత్రాన భద్రత వచ్చినట్లు కాదు. మొదటి విషయం నేల. సిమెంటు నేల వంటి గట్టి సమతలమే కావలె. మట్టిలో చిన్న చక్రాలు దిగబడతాయి, వాలులో బండి జారుతుంది. కొక్కేల స్టాండుకు స్వింగ్ ఆర్మ్‌కు ఇరుపక్కలా బిగించే గుబ్బలు ఉండవలె, అవి వదులుగా ఉండరాదు. గుబ్బలు లేని బండికి మెత్తల స్టాండు వాడవచ్చు. ఆ మెత్తలు బ్రేకు గొట్టం మీద గాని చైను బిగించే మర మీద గాని ఆనకుండా చూసుకోవలె. పొగగొట్టం చల్లారిన తర్వాతనే పని మొదలుపెట్టవలె. సైడు స్టాండు వేసియే ఉంచి, ఒకరు బండిని నిట్టనిలువుగా పట్టుకోగా మరొకరు స్టాండును రెండువైపులా సమంగా తగిలించి పిడిని నొక్కవలె. ఒక పక్క తగిలి మరొక పక్క తగలకపోతే బండి మెలితిరిగి పడుతుంది. ఎక్కువ బండ్లు పడేది ఇలాగే. నేర్చుకునే దశలో ఈ పని ఒంటరిగా చేయరాదు. పిడిని సగంలో ఆపక, వెనుక కాలు నేలకు ఆనేవరకు ఒకే ఊపున నొక్కవలె. అప్పటికి కొక్కేలు చిన్న చక్రాల నిలువు గీతను దాటి వెనక్కి వస్తాయి గనుక బండి బరువే స్టాండును నేలకు అదిమి ఉంచుతుంది.

చాలామందికి తోచని విషయం మరొకటి ఉన్నది. నిలిపిన బండిని గేరులో ఉంచితే కదలదని మనకు అలవాటైన నమ్మకం. గేరూ, వెనుక బ్రేకూ వెనుక చక్రాన్నే ఆపగలవు. ఆ చక్రమే గాలిలో ఉన్నప్పుడు అవి రెండూ ఉన్నా లేనట్లే. బండి ముందుకు దొర్లితే స్టాండు వెనుక కాలు లేచిపోయి అంతా కూలుతుంది. కనుక ముందు బ్రేకు పిడిని పాత సైకిలు ట్యూబు ముక్కతో కట్టివేయవలె. ఆ తర్వాత తాళంచెవి తీసి జేబులో వేసుకొని, బండిని న్యూట్రలులో ఉంచి, చక్రాన్ని చేతితో తిప్పుతూ చైను తుడవవలె. ఎడ్లను విప్పడం అంటే ఇదే. స్టాండు మీద ఉన్న బండి ఎక్కి కూర్చుండడమూ, గేరు వేసి చక్రం గిరగిర తిప్పి చలనచిత్రాలు తీసుకోవడమూ సాధనాన్ని తమాషాకు వాడడమే. ఆ వినోదం చూడడానికి ముందుగా చేరేది చిన్నపిల్లలు.

దుస్తుల సంగతి కూడా చెప్పవలె. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలో 123వ నియమం, వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండవలెనని విధించింది. అందం చెడుతుందని దానిని విప్పి పారేసేవారు మన వీధులలో కొల్లలు. చున్నీలూ, బురఖాలూ ధరించి అన్నదమ్ముల వెనుక కూర్చొని వచ్చే మన విద్యార్థినులు ఉన్న కళాశాలలో ఈ మాట ఊరికే చెప్పడం లేదు. లుంగీతోనో, వేలాడే రుమాలుతోనో స్టాండు ముందు కూర్చునేవారికీ ఇదే వర్తిస్తుంది.

ఇక అసలు విన్నపం. ఈ విద్య మన చదువులకు తక్కువదని ఎవరైనా తలిస్తే నేను ఒప్పుకోను. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో బనూ మూసా సోదరులు యంత్రోపాయాల మీద గ్రంథం రచించారు. 1206లో అల్ జజరీ తన యంత్రగ్రంథంలో ఏ భాగాన్ని ఎలా పోత పోయవలెనో, ఎలా అమర్చవలెనో పనివానికి అర్థమయ్యేట్లు వివరించాడు. 1919లో తరగతులు ఆరంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రవిద్యను ఉర్దూలో చెప్పడానికి ఒక అనువాద శాఖనే నడిపింది. అట్టి వారసత్వం గల మనకు, మెకానిక్ షాపులోని ఉస్తాద్ చేతివిద్య మాత్రం తరగతి గది గడప దాటి లోపలికి రాదు. షాగిర్దులుగా చేరే కుర్రవాళ్లు మన విద్యార్థుల తమ్ముళ్లే. వారు పనిలో మొదటి ఏడాది నేర్చేది నడుస్తున్న చైనుకు గుడ్డ పట్టడమే అయితే, వారి వేళ్లకు జవాబుదారీ ఎవరు?

కనుక కమిటీ వారు కొక్కేలవీ మెత్తలవీ చెరొక స్టాండు కొని, సైకిళ్లు నిలిపే చోట సిమెంటు అరుగు మీద ఉంచవలెనని కోరుతున్నాను. ఏడాదికి రెండు శనివారాలు పట్టణంలోని ఒక అనుభవజ్ఞుడైన ఉస్తాద్‌ను అతిథిగా పిలిచి, కుర్చీ వేసి, శాలువా కప్పి, ఆయన చేత ఈ పని చేయించి చూపవలె. భౌతికశాస్త్ర అధ్యాపకులు పక్కన నిలిచి లెక్క చెప్పవచ్చు. షాగిర్దులను కూడా రానివ్వవలె.

పద్దెనిమిదేళ్లు నిండని విద్యార్థులను ఇది బండ్లకు ప్రోత్సహించడం కాదా అని కొందరు పెద్దలు అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. 2019 సవరణ తర్వాత బాలుడు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఆ చట్టాన్ని కూడా ఆ శనివారమే చదివి వినిపించవచ్చు. కాని లైసెన్సు లేని బాలుడు సైతం అన్నగారి బండి చైను తుడుస్తూనే ఉంటాడు. దానికి లైసెన్సు అడిగేవారు లేరు.

స్టాండ్ల బాధ్యత ప్రయోగశాల సహాయకునికి అప్పగించడం మేలు. మరలు వదులైనవా, రబ్బరు మెత్తలు పగిలినవా అని ఆయన నెలకొకసారి చూడవలె. దించే పద్ధతిని గోడ మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించవలె: సైడు స్టాండు వేసి ఉన్నదా చూడు, ఒకరిని బండి పట్టుకోమను, పిడిని రెండు చేతులతో మెల్లగా పైకి లేపు.