పేజీ మీదే... మరి పేరు?

మొన్న రాత్రి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఏడుపొక్కటే తక్కువ. "అన్నయ్యా, నా పచ్చళ్ల పేరుతోనే ఎవరో షాపు తెరిచారు. నాకు జీఎస్టీ ఉంది, ఇన్‌స్టా పేజీ ఉంది. పేరు నాదే కదా?"

అక్కడే చాలామంది పొరబడతారు. జీఎస్టీ పన్ను కోసం. పేరుకు కాపలా కావాలంటే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఉండాలి.

అది లేకపోయినా దారి మూసుకుపోలేదు. ముందు నుంచీ ఆ పేరు వాడుతూ గుర్తింపు తెచ్చుకున్నవాళ్లు 'పాసింగ్ ఆఫ్' కింద కోర్టుకెళ్లొచ్చు. కానీ రుజువులు మనమే చూపాలి. పాత బిల్లులు, కొరియర్ రసీదులు, తేదీలున్న పోస్టులు... "ఒక్కటీ డిలీట్ చేయకు" అన్నాను.

మర్నాడే ఇద్దరం కూర్చున్నాం. ఐపీ ఇండియా సైట్‌లో అలాంటి పేరుందేమో వెతికాం. ఇది ఉచితం. పచ్చళ్లు 29వ క్లాసు, కారప్పొడులు 30. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో క్లాసుకు రూ.4,500. రెండింటికీ 9,000 కట్టేశాం. జర్నల్‌లో వచ్చాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అన్నీ దాటితే దరఖాస్తు తేదీ నుంచి పదేళ్ల హక్కు. తర్వాత రెన్యువల్.

అప్పటిదాకా పేరు పక్కన 'టీఎం' పెట్టుకోవచ్చు. సున్నాలో 'ఆర్' గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ రాకుండా వాడితే నేరం.

రేపు ఎవరైనా ఆ బ్రాండ్ కొంటామంటే? నోటిమాట చెల్లదు. రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, రిజిస్ట్రీలో పేరు మార్పించాలి.

ఫాలోవర్ల లెక్క రోజూ చూసుకుంటాం కదా! ఈ రాత్రి మీ పేరు కూడా ఒకసారి వెతికి చూడండి.