ముడుచుకోని అద్దం

క్లేటన్‌లో మా వీధి ఇరుకు. రెండు వైపులా కార్లే. సగం మొనాష్ యూనివర్సిటీ పిల్లలవి, సగం మావి. కారు ఆపగానే సైడు అద్దాలు వాటంతటవే ముడుచుకోవడం ఇక్కడ సోకు కాదు, అవసరం. ఆ మధ్య కుడివైపు అద్దం మొరాయించింది. స్విచ్ నొక్కితే లోపల టకటకమని చప్పుడు. అద్దం మాత్రం వదులుగా ఊగుతూ అక్కడే ఉంటుంది.

గ్యారేజీలో చూపిస్తే, మోటారు పోయింది, అద్దం మొత్తం మార్చాలన్నారు. రంగుతో కలిపి వెయ్యి డాలర్ల పైమాటే. నాన్నకి ఫోన్లో చెప్తే ఒకటే అడిగారు: "విప్పి చూశార్రా వాళ్లు?"

చూడలేదు. ఆ రాత్రి నేనే కూర్చున్నాను.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక బుల్లి మోటారు, నాలుగు ప్లాస్టిక్ గేర్లు, ఒక గట్టి స్ప్రింగు, అంతే. 1984లో నిస్సాన్ లారెల్‌తో మొదలైన సౌకర్యం ఇది. ఎవరైనా తగిలినా, చేత్తో తోసినా అద్దం విరగకుండా ఆ స్ప్రింగు దగ్గర గాడి జారేలా చేశారు. అలా జారాక మోటారు ఉన్న చోటు ఒకటి, అద్దం ఉన్న చోటు ఇంకొకటి. ఆ టకటక దానిదే. స్విచ్ నొక్కుతూ అద్దాన్ని చేత్తో మెల్లగా చివరిదాకా పట్టుకెళ్తే గట్టిగా 'టక్' మని గాడిలో పడుతుంది. నాది మూడోసారికి పడింది. ఎన్నిసార్లు చేసినా పడకపోతే గేరు పళ్లు అరిగాయనుకోవచ్చు. అసలు చప్పుడే లేకపోతే వేరే కథ: రెండు అద్దాలూ కదలకపోతే ముందు ఫ్యూజు, స్విచ్చు చూడాలి, ఒక్కటే అయితే తలుపు సందులో నలిగిన వైర్లు.

గ్యారేజీవాళ్లు మోసం చేశారని అనను. ఇక్కడ గంట కూలీ అలాంటిది, విప్పి వెతకడం కన్నా కొత్తది బిగించడమే వాళ్లకి లాభం. నా కోపం అద్దాన్ని అలా తయారుచేసిన వాళ్ల మీద. గేరు ఒక్కటే కావాలంటే విడిగా ఇవ్వరు, మొత్తం కొనుక్కో అంటారు. ఆస్ట్రేలియాలో 2022 జూలై 1 నుంచి ఒక చట్టం ఉంది. కంపెనీలు తమ రిపేరు సమాచారాన్ని బయటి మెకానిక్కులకీ సరసమైన ధరకి ఇవ్వాలి. మంచిదే. కానీ అది పంచమన్నది సమాచారాన్ని, రూపాయి గేరుని కాదు. ఎలా బాగుచేయాలో తెలిసీ ముక్క దొరక్కపోతే ఆ తెలివిని ఏం చేసుకోవాలి?

మన బెజవాడ ఆటోనగర్‌లో అయితే అని మొదలుపెట్టడం మనకి అలవాటు. అక్కడా అంతా బంగారం కాదు, అతికించింది ఆరు నెలలకి మళ్లీ ఊడొచ్చిన సందర్భాలు మా ఇంట్లోనే ఉన్నాయి. కాకపోతే అక్కడ ముందు విప్పుతారు, ధర తర్వాత చెప్తారు.

నిన్న మళ్లీ ఎవరో దారి కోసం అద్దాన్ని చేత్తో మడిచి వెళ్లారు. ఈసారి రెండోసారికే గాడిలో పడింది.