గృహవ్యయము: ఏసీ కొనుటకు ముందు వేయవలసిన లెక్క



చల్లని యూరినుండి వేడి యూరికి కాపురము మార్చుకొనిన గృహిణికి మొదటి వేసవిలో రెండు తాపములు కలుగును. ఒకటి యెండవలనిది, రెండవది నెల తిరిగిన పిమ్మట వచ్చు కరెంటు బిల్లువలనిది. మొదటిదానిని తప్పించుట మన చేతిలో లేదు. రెండవదానిని మాత్రము కాగితము, కలము పట్టుకొని ముందుగనే కొలుచుకొనవచ్చును. ఈ మాసమున ఆ లెక్కను వివరింపదలచితిమి.

బెంగుళూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున నున్నది. అచ్చట పంకాతోనే వేసవి గడపుకొనిన కుటుంబ మొకటి యుద్యోగరీత్యా విజయవాడకు వచ్చినదనుకొందము. ఇచ్చట మే మాసమున పగటివేడి 40 డిగ్రీలు దాటుట వింత గాదు. తేమవలన రాత్రులందును ఉక్క తీరదు. ఇంట వృద్ధురాలైన అత్తగారో, చంటిబిడ్డయో యున్నచో ఏసీని విలాసవస్తువని త్రోసివేయరాదు. వడదెబ్బ ముసలివారి ప్రాణమునకే ముప్పు. కావున దాని వ్యయ మెంత, ఆ వ్యయమును మన రాబడి మోయగలదా యనునదియే విచారింపదగినది.

దుకాణమున మొదట వినబడు మాట "ఎన్ని టన్నులు?" అనునది. ఇది యంత్రపు బరువు గాదు. మంచుగడ్డలతో చల్లబరచుకొను నాటి కొలత యిది. 2,000 పౌనుల మంచు ఇరువదినాలుగు గంటలలో కరగుటకు ఎంత వేడిని గ్రహించునో, అంత వేడిని గదినుండి తొలగించు శక్తికి ఒక టన్ను అని పేరు. చిన్న పడకగదికి ఒక టన్ను, కొంచెము పెద్దదానికి ఒకటిన్నర టన్ను చాలును. గది పై అంతస్తున నున్నను, పడమటి గోడకు ఎండ తగులుచున్నను ఒక మెట్టు పెంచుకొనవలసియుండును.

రెండవది నక్షత్రముల చీటీ. దీనిని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ యను కేంద్రప్రభుత్వ సంస్థ నిర్ణయించును. నక్షత్రములను లెక్కించుటతో నాగక, సంవత్సరమునకు ఎన్ని యూనిట్లని వ్రాసిన అంకెను చూడుడు. ఆ అంకె 1,600 గంటల వాడుకకు కట్టినది. చీటీపై 800 అని యున్నచో గంటకు సగటున అర యూనిట్టు. రాత్రి యెనిమిది గంటలు వాడినచో దినమునకు 4, నెలకు 120 యూనిట్లు. అయితే ఇది ఋతువంతటికిని సగటు. మే నెల యెండకు యంత్ర మెక్కువగా శ్రమించును. అందుచే అందులో సగము కలిపి 180 యూనిట్లుగా లెక్కించుట క్షేమము.

ఇక ఈ 180 యూనిట్లకు వెల కట్టుటయందే పలువురు పొరబడుదురు. పాత బిల్లును యూనిట్లతో భాగించి, వచ్చిన సగటుతో హెచ్చించుదురు. కాని కరెంటు ధర మెట్లు మెట్లుగా నుండును. 2022-23 సంవత్సరమున ఆంధ్రప్రదేశమున గృహములకు నిర్ణయించిన ధరలనే యుదాహరణముగా గైకొందము. మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1.90 రూపాయలు, పిదప 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75. మీరు లెక్కించునపుడు మీ బిల్లుపై నున్న ధరలను వేసికొనుడు.

ఏసీ లేనపుడు ఆ యింట నెలకు 120 యూనిట్లు ఖర్చగుచున్నచో బిల్లు 394.50 రూపాయలు, అనగా యూనిట్టు సగటున 3.29. ఈ సగటు ప్రకారము 180 యూనిట్లకు 592 రూపాయలే యనిపించును. నిజమున మొత్తము 300 యూనిట్లకు బిల్లు 1,673.25. అనగా ఏసీకై పెరిగినది 1,278.75, అనుకొనినదానికి రెట్టింపునకు పైగా! దీపములు, పంకాలు, ఫ్రిజ్జు క్రింది మెట్లను ముందే ఆక్రమించుకొనగా, వెనుక వచ్చిన ఏసీ పైమెట్ల ధరనే చెల్లింపవలసి వచ్చును. అట్టి యంత్రమునే రెండవ గదిలోను పెట్టినచో మొత్తము 480 యూనిట్లగును, బిల్లు 3,328.25. యంత్ర మదే, గంటలు నవే, అయినను రెండవదాని వ్యయము 1,655 రూపాయలు. ఇంటిల్లిపాదియు వేసవి రెండు నెలలు ఒక్క గదిలో పరుండుట యెంత లాభమో చూచితిరా! స్థిరఛార్జీలు, పన్నులు వీనికి వేరు.

యంత్రపు వెలతోపాటు బిగింపుకూలి, రాగిగొట్టము, తగిన వైరింగు, సర్వీసు ఖర్చు కూడ వ్రాసికొనవలెను. ఇంటికి మంజూరైన లోడు చాలనిచో దానిని పెంచుకొనుటకు విద్యుత్ కార్యాలయమున రుసుము చెల్లింపవలసియుండును.

తగ్గించుకొను మార్గములును గలవు. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచినచో సుమారు నూటికి ఆరు పాళ్లు కరెంటు ఆదా యగునని పైన చెప్పిన సంస్థయే తెలిపినది. 22 వద్ద 180 యూనిట్లు ఖర్చగుచున్నచో, 26 వద్ద నుంచి పంకా త్రిప్పుకొనిన నలువది యూనిట్లకు పైగా మిగులును. అవి పైమెట్టునుండియే తగ్గును గావున నెలకు 350 రూపాయలకు తక్కువగాని లాభము. డాబాపై తెల్లసున్నము, పడమటి కిటికీకి వట్టివేరు తడిక, నెలకు రెండుమారులు ఫిల్టరు కడుగుట కూడ మేలు చేయును. అనంతపురము, కడప వంటి పొడి సీమలలో కూలరు చక్కగ పనిచేయును. కోస్తా తేమలో దాని ప్రయోజనము తక్కువ.

మఱియొక మాట. ఈ లెక్కలలో రాత్రి గంటలే వ్రాయుట లోకమున వాడుకయైనది. నడియెండలో పొయ్యి యొద్దనుండి వచ్చి, మగవారు కార్యాలయములయందు, పిల్లలు బడియందు ఉండగా, "నా యొక్కదానికేల?" అని యంత్రమును ముట్టక చెమటతో కూరుచుండు గృహిణి గంటలను ఎవరు వ్రాయుదురు? మధ్యాహ్నము రెండు గంటలకు నెలకు 45 యూనిట్లు. పైమెట్టు ధరకు 394 రూపాయలు. దినదినము మనస్సులో తర్కించుకొనుటకంటె దీనిని ఒక పద్దుగా వ్రాయుట మేలు.

నెలజీతపు కాపురములలో మే బిల్లు హెచ్చినదని జీతము హెచ్చదు. పైగా ఆ బిల్లు చేతికందునప్పటికి జూన్ మాసపు ఫీజులు, పుస్తకములు గుమ్మమున నిలుచును. కావున మూడు నెలల వేసవిఖర్చును పండ్రెండు నెలలకు పంచుకొనుడు. రాత్రి వాడుక మాత్రమే యైనచో నెలకు 320 రూపాయలు. మధ్యాహ్నపు రెండు గంటలను కలుపుకొనిన 420. ఈ మొత్తమును ప్రతినెల జీతము వచ్చిననాడే వేరుగ నుంచినచో వేసవిలో అప్పు చేయనక్కర లేదు. ఆ పైనూరు రూపాయలను గృహిణి పద్దులోనుండి కొట్టివేయక, యంత్రము కొననున్న ప్రతి సోదరియు ఇంటివారితో కూరుచుండి ఈ లెక్క వేసికొనవలెనని మా కోరిక.