యజమాని లేని జట్టు

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనమెరిగిన కాలిబంతి కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తే ఆట. అక్కడి వృత్తి జట్లు కోటీశ్వరుల సొత్తు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే అనే చిన్న నగరపు జట్టు మాత్రం ఇందుకు భిన్నమైనది.

1919లో కర్లీ లాంబో, జార్జి కాల్‌హూన్ అనే ఇరువురు ఆ జట్టును కూర్చినప్పుడు, మాంసాన్ని డబ్బాలకెత్తే ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ దుస్తులకు డబ్బిచ్చింది. (పేరులో ఇండియా ఉన్నా మన దేశంతో దానికి సంబంధం లేదు.) అందుచేతనే వారు 'ప్యాకర్స్' అయినారు. ఆ కంపెనీ ఏనాడో అంతరించింది. సింహాలు, పులులు అని చెప్పుకొనే జట్ల నడుమ ఈ శ్రామికుల పేరు నేటికీ నిలిచి ఉన్నది.

1923లో ధనాభావం ఏర్పడగా, ఊరివారు వాటాలు కొని లాభాపేక్షలేని సంస్థగా దానిని నిలబెట్టారు. నేడు వాటాదారులు అయిదు లక్షలకు పైమాటే. వారికి లాభాంశం లేదు. వాటాను లాభానికి అమ్ముకొనే వీలూ లేదు. అది ఉత్త కాగితమేనని పరిహసించేవారున్నారు. నేనంగీకరించను. 1984 మార్చిలో బాల్టిమోర్ జట్టును దాని యజమాని రాత్రికి రాత్రే లారీలకెత్తించి ఇండియానాపోలిస్‌కు తరలించాడు. నగరవాసులు నిస్సహాయులై చూచారు. ప్యాకర్స్‌ను అమ్మినచో ఆ సొమ్ము ధర్మకార్యాలకే చెందాలని నిబంధన. ఇక అమ్మాలన్న ఆశ ఎవరికి పుడుతుంది?

విన్స్ లొంబార్డీ శిక్షణలో 1961–67 నడుమ అయిదు పర్యాయాలు విజేత కావడం ఘనతే. సూపర్ బౌల్ బహుమతికి ఆయన పేరే పెట్టారు. నా దృష్టిలో అంతకన్న ఘనులు 1923లో అయిదు డాలర్లకొక వాటా కొన్నవారు. వాటాతో పాటు ఆ ఏటి ఆటలకు ఆరేసి సీజన్ టికెట్లు కూడా వారు కొనవలసి వచ్చింది!