ఎయిర్ వింగ్‌లో చేరబోయే మా ముప్కాల్ పిల్లలకు

బిడ్డలారా,

పైచదువులకు పట్నం పోయి ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) ఎయిర్ వింగ్‌లో చేరుతామని మీలో కొందరు అంటున్నారట. విని కడుపు నిండింది. యుద్ధం వస్తే క్యాడెట్ చేసే పని ఏమిటో, ఆ క్యాడెట్‌కు మనం ఏం బాకీ పడతామో తెలుసుకొని మరీ చేరండి.

1948 చట్టంతో ఎన్‌సీసీ పుట్టింది. 1950లో ఎయిర్ వింగ్ వచ్చింది. చైనాతో యుద్ధం అయ్యాక 1963లో ఎన్‌సీసీ శిక్షణను తప్పనిసరి చేశారు, 1968లో మళ్లీ ఇష్టానికి వదిలారు. పాకిస్థాన్‌తో జరిగిన 1965, 1971 యుద్ధాల్లో క్యాడెట్లు ఆయుధ కర్మాగారాల్లో చేయి వేశారు. సరిహద్దుకు మందుగుండు చేర్చే పనిలో సాయపడ్డారు. శత్రువుల పారాట్రూపర్లు దిగితే పట్టుకోవడానికి గస్తీ తిరిగారు, ట్రాఫిక్ నడిపించారు. బ్రిటన్‌లో 1941లో పెట్టిన ఎయిర్ ట్రైనింగ్ కోర్ పిల్లలూ వైమానిక దళ స్థావరాల్లో ఇసుక బస్తాలు నింపారు, కబుర్లు మోశారు. ఆకాశంలో ఎగిరే ఒక్క విమానం వెనక నేల మీద ఎన్ని చేతులు కావాలో వాళ్లకు తెలుసు. ఇది చిన్న పని అని ఎవరన్నా అంటే వినకండి.

ఎన్‌సీసీలో ఉన్నంత మాత్రాన యుద్ధానికి పోవాల్సిన బాధ్యత క్యాడెట్‌కు లేదని చట్టంలోనే ఉంది. ఈ మాట ముందు మీ అమ్మలకు చెప్పండి, వాళ్లకు నిద్ర పడుతుంది.

ఇక బాకీ సంగతి. శిక్షణలో దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా ఆదుకోవడానికి ఎన్‌సీసీ క్యాడెట్ వెల్ఫేర్ సొసైటీ ఉంది. బాగా చదివే క్యాడెట్లకు స్కాలర్‌షిప్ కూడా ఇస్తుంది. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, ఏ కాగితాలు కావాలో మీ ఎన్‌సీసీ సార్‌ను మొదటి నెలలోనే అడగండి. పల్లె పిల్లలకు అడగడమంటే బిడియం. అడగకుంటే మనకు రావాల్సింది మనదాకా రాదు. పరేడ్ తర్వాత పెట్టే టిఫిన్, క్యాంపులో తాగే నీళ్లు, పడుకునే చోటు, ఆడపిల్లలకు వేరే స్నానాల గది, ఇవన్నీ అడగాల్సినవే. ఎండలో పిల్లలను నిలబెట్టేవాళ్లు నీడ గురించి ముందే ఆలోచించాలి.

ఎయిర్ వింగ్‌లో నేర్పే ఏరోమోడలింగ్, అంటే చిన్న విమాన నమూనాలు చేసే పని, మాత్రం వదలకండి. బాల్సా చెక్క అరచేతిలో పెడితే బరువే తెలియదు. బ్లేడుతో రెక్క కోసి, గరుకు కాగితంతో నిదానంగా రుద్దాలి. రెండు రెక్కలూ సమానంగా రాకపోతే మోడల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఆ ఓపిక మీ ఇళ్లలో ఉన్నదే. కళ్లంలో కూర్చొని పసుపు కొమ్ములు ఒక్కొక్కటీ ఏరే మీ అమ్మల వేళ్లు చూడండి.

క్యాంపుకు పోయే ముందు రక్తం గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు మీ ఎన్‌సీసీ సార్‌కు రాసివ్వండి. కొత్త బూట్లు నాలుగు రోజుల ముందే తొడిగి ఊరి రోడ్డు మీద నడవండి, లేకుంటే మొదటి పరేడ్‌కే మడమలు పుండ్లవుతాయి.

మీ ఊరి తాత,
ముప్కాల్