యవనరోమకవిద్యల సమన్వయాధ్యయనము : తిరుపతిలో దాని ఆవశ్యకత

జ్యోతిషము నారంభించిన విద్యార్థి హోర, కేంద్రము, ద్రేక్కాణము, జామిత్రము, ఆపోక్లిమము అను పారిభాషికపదములను మొదటనే కంఠస్థము చేయును. ఇవి గ్రీకుపదములకు సంస్కృతరూపములు. వరాహమిహిరుడు బృహజ్జాతకమున మేషాదిరాశులకు చెప్పిన క్రియ, తావురి, జితుమ అను నామాంతరములును అట్టివే. యవనులు మ్లేచ్ఛులైనను ఈ శాస్త్రము వారియందు సుప్రతిష్ఠితమగుటచే ఋషులవలె పూజ్యులని బృహత్సంహితలో చెప్పుటకు ఆయన సంకోచింపలేదు. అయినను ఆ పదముల మూలరూపమును గ్రీకులిపిలో చదువగల జ్యోతిషాచార్యులు నేడు మనలో అరుదు. ఈ లోపమును గూర్చియే సహాధ్యాపకులకు నా మనవి.

పాశ్చాత్యవిశ్వవిద్యాలయములలో గ్రీకు రోమక ప్రాచీనాధ్యయనమనగా కేవలము రెండు ప్రాచీనభాషలను నేర్చుట కాదు. సాహిత్యము, చరిత్ర, తత్త్వశాస్త్రము, పురావస్తుశాస్త్రము ఒకే పట్టమునకు అంగములు. కావ్యము, శాసనము, నాణెము ఒకే ప్రశ్నకు సాక్షులుగా నిలుచును. మనయందు సాహిత్యవిద్యార్థి శాసనమును ముట్టడు, చరిత్రవిద్యార్థి మూలభాషను ఎరుగడు.

ఈ సమన్వయము వలని ప్రయోజనమును ఆంధ్రచరిత్రలోనే చూడవచ్చును. క్రీ.శ. 79లో మరణించిన రోమకరచయిత ప్లినీ, ఆంధ్రులకు ప్రాకారయుతములైన పురములు 30, కాల్బలము 1,00,000, అశ్వములు 2,000, ఏనుగులు 1,000 కలవని లాటినులో వ్రాసినాడు. ఈ లెక్కను మనము తరతరములుగా ఉదాహరించుచున్నాము. ఆ సమాచారము ఆయనకు మెగస్తనీసు గ్రంథమునుండి లభించినదా, లేక తన కాలపు వర్తకులనుండియా? మొదటిదైనచో అది మౌర్యయుగపు ఆంధ్రులను గూర్చినది, రెండవదైనచో సాతవాహనయుగపు వారిని గూర్చినది. నడుమ మూడువందల ఏండ్లకు పైబడిన అంతరము. ఆంగ్లానువాదమును మాత్రమే చూచువాడు ఈ ప్రశ్నను పరిష్కరింపలేడు సరికదా, ఇట్టి ప్రశ్న ఉన్నదనియే ఎరుగడు.

మరియొక ఉదాహరణము. క్రీ.శ. 2వ శతాబ్దిలో టాలెమీ తన భూగోళగ్రంథమున బైథాన అను నగరమును సిరో పొలెమాయియోసు రాజధానిగా పేర్కొన్నాడు. ఆ నగరము ప్రతిష్ఠానమనియు, ఆ రాజు వాసిష్ఠీపుత్ర పులుమావి యనియు పండితులు గుర్తించిరి. గ్రీకుపాఠము, నాసిక్ గుహలోని ప్రాకృతశాసనము, నాణెములు, పురాణములలోని ఆంధ్రరాజవంశావళి, ఈ నాలుగును కలిసినగాని ఆ రాజు కాలనిర్ణయము కుదురదు. ప్రాకృతమున 'సిరి' అనునదే గ్రీకున 'సిరో' అయినదని పట్టుకొనుటకు రెండు భాషలును తెలిసియుండవలెను. నేడు మన విద్యార్థి ఈ నాలుగు సాక్ష్యములను నాలుగు శాఖలలో వెదకికొనవలెను. అట్టి అంశమును తనదిగా స్వీకరించు శాఖ దొరకుట కష్టము.

శ్రీనాథుని కనకాభిషేకమును పాఠము చెప్పునపుడు దీనారమనగా బంగారునాణెమని చెప్పి ముందునకు సాగుదుము. అది రోమకుల దెనారియసు. రోమున అది వెండినాణెము, మన దేశమున ఆ పేరే బంగారునాణెమునకు చెల్లినది. అమరసింహుడు ఆ శబ్దమును నానార్థములలో నిష్కముతో జోడించినాడు. నాగార్జునకొండ శాసనమొకటి ఉజ్జయినీ రాజకుమారి రుద్రధరభట్టారిక స్తంభప్రతిష్ఠకై 170 దీనారిమాషకములను ఇచ్చినట్లు తెలుపుచున్నది. రోమునుండి విజయపురికిని, కాలక్రమమున తెలుగు చాటువునకును ఈ శబ్దము చేసిన యాత్ర ఒక సిద్ధాంతగ్రంథమునకు చాలిన విషయము.

సంస్కృతమే నిలువని ఈ దినములలో పరభాషలేల యని పెద్దలడుగవచ్చును. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. పలుశాస్త్రముల పేరిట ఏ శాస్త్రమునందును లోతు లేని పట్టభద్రులు బయలుదేరుదురను భయము నాకును కలదు. కనుకనే ఈ అధ్యయనము శాస్త్రమునకు బదులుగా రాక, శాస్త్రముపై నిలువవలెను. ఒక శాస్త్రమున ఆచార్యపట్టము పొందినవారికే ప్రవేశమీయవలెను. గ్రీకు, లాటినులలో ఒకటి నేర్చిన చాలును. పాణినీయము చదివినవానికి గ్రీకువ్యాకరణము భయము గొల్పదు. ద్వివచనము అందును కలదు. ఆత్మనేపదమును పోలిన ప్రయోగమును కలదు. మన 'అభరత్' అనుదానికి సరియైన గ్రీకురూపము 'ఎఫెరె'. భూతకాలమున ధాతువునకు ముందు వచ్చు అడాగమము అందును ప్రత్యక్షము. ఆంగ్లము మాత్రమే వచ్చిన విద్యార్థికి ఈ సౌలభ్యము లేదు.

ఇక ఉద్యోగముల మాట. ఈ పట్టము వందలమందికి జీవిక కల్పింపజాలదు. ఏటా ఐదారుగురు సమర్థులు చేరిన చాలును.

తిరుపతికి ఇది తలకు మించిన పని కాదు. దేవస్థానమువారు 1939లో నెలకొల్పిన ప్రాచ్యపరిశోధనాలయము, 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1961లో విద్యాపీఠముగా ఆరంభమై 2020లో కేంద్రీయవిశ్వవిద్యాలయమైన సంస్కృతసంస్థ ఒకే ఊరిలో ఉన్నవి. చిత్తూరు జిల్లా కుప్పమున 1997లో ఏర్పడిన ద్రావిడవిశ్వవిద్యాలయము కలదు. వ్యాకరణజ్యోతిషములు ఒకచోట, చరిత్రయు పురావస్తువును వేరొకచోట బోధింపబడుచున్నవి. సమకూర్చుకొనవలసినది గ్రీకు చెప్పగల అధ్యాపకుడొక్కడు. అంతకంటె ముఖ్యముగా అలవరచుకొనవలసినది, రెండు సంస్థల ఆచార్యులు ఒకే తరగతిలో కూర్చుండి పాఠము చెప్పు పద్ధతి.

ఏథెన్సున జన్మించిన దిమిత్రియోస్ గాలనోసు కాశికి వచ్చి, పండితులయొద్ద సంస్కృతమభ్యసించి, భగవద్గీతాదులను గ్రీకులోనికి పరివర్తించి, 1833లో ఆ కాశిలోనే దేహము చాలించినాడు. ఆయన అటనుండి ఇటకు నడచిన త్రోవను మన విద్యార్థి ఇటనుండి అటకు నడువవలసియున్నది. పూర్తి పట్టమునకు కాలము పట్టునేని, తొలుత రెండు సంస్థలు కలిసి 'జ్యోతిషపరిభాషలో యవనశబ్దములు' అను ఒక్క ఐచ్ఛికపత్రమును ప్రవేశపెట్టినను చాలును. ఆ ఒక్కపత్రమే తక్కినవానికి ద్వారము తెరచును.