ఆ బావి నీళ్లు తియ్యగానే ఉండేవి

'మా ఊరు' అని మొదలయ్యే వ్యాసాలకి ఒక టెంప్లేట్ ఉంది. చెరువు గట్టు, రావిచెట్టు, రచ్చబండ, వేసవి సెలవులు, తాతగారి అరుగు, ఒక వెర్రిబాగులవాడు, బెత్తం పట్టుకున్నా మనసు మెత్తనైన ఒక మాస్టారు, ఆఖర్న 'ఇప్పుడా ఊరు లేదు' అని ఒక నిట్టూర్పు. కోనసీమ వాడు రాసినా ఇదే, కొనకనమిట్ల వాడు రాసినా ఇదే. ఊరి పేరూ మాస్టారి పేరూ వేరియబుల్స్‌గా పెట్టి రన్ చేస్తే జిల్లాకో పుస్తకం అచ్చవుతుంది. అవుతోంది కూడా.

కోనసీమ వాడితో నాకు పేచీ లేదు. వాడికి కాలవ ఉంది, కొబ్బరిచెట్టు ఉంది, వాడు రాసుకుంటాడు. నా గొడవ మా వాళ్లతో. మార్కాపురం, పొదిలి, కనిగిరి, గిద్దలూరు వైపు నుంచి చదువుకుని హైదరాబాదో బెంగళూరో డాలసో చేరి, నలభై దాటాక ఊరు గుర్తొచ్చి రాసేవాళ్లతో. ఈ మధ్య అలాంటిదొకటి చదివాను. రాసినాయన పేరు అనవసరం, మంచి మనసుతోనే రాశాడు. అందులో ఒక బావి ఉంది. దాని నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవట, చుట్టుపక్కల నాలుగూళ్ల వాళ్లు బిందెలతో వచ్చేవారట. కింద కామెంట్లలో అందరూ కళ్లు చెమర్చుకున్నారు.

ఆ బావి తియ్యదనం మీదే ఈ తగువంతా.

మా వైపు నేల చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కొనకనమిట్ల పేరులోనే మిట్ట ఉంది. మిట్ట మీద నీళ్లు నిలవవు. చినారికట్ల అడ్డరోడ్డు నుంచి గొట్లగట్టు దాకా పోతే కనపడేది ఎర్రనేల, రాళ్లు, కంది, పొగాకు, మధ్యలో ఎండిన కుంటలు. తాగాలంటే నేలలోంచి తోడుకోవాలి. ఆ నేలలోని రాయిలో ఫ్లోరైడ్ ఉంది, నీళ్లలోకి దిగుతుంది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. అంత కొంచెం ఫ్లోరైడ్‌కి రంగూ వాసనా రుచీ ఉండవు. పైగా అది ఎక్కువగా చేరేది సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లలో. అంటే పప్పు త్వరగా ఉడికే నీళ్లు, నోటికి హాయిగా తగిలే నీళ్లు. ఊరంతా మెచ్చుకునే తియ్యటి బావే ఊళ్లోకెల్లా చెడ్డ బావి అయ్యే అవకాశం బాగా ఉంది. జ్ఞాపకం నాలుక మీద ఆధారపడితే వచ్చే చిక్కు ఇదే.

మా అబ్బ ఆఖరి పదేళ్లు వంగలేదు. కిందపడిన తువ్వాలు తీసుకోవాలన్నా ఎవరో ఒకరు అందివ్వాలి. వెనక్కి చూడాలంటే మెడ తిరగదు, మనిషంతా తిరిగేవాడు. 'నడుం కట్టెబారిపోయింది రా, ఏం పాపం చేశాడో' అనేది మా జేజి. పాపం ఏమీ చేయలేదు, నీళ్లు తాగాడు. అది ఎముకల్లో చేరి కీళ్లని బిగించే జబ్బు అని, దానికో పేరుందని నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో లైబ్రరీలో చదివాను. ఇంట్లో ఎవరికీ తెలియదు.

పళ్ల సంగతి ఇంకా విచిత్రం. గారపళ్లు పెద్దయ్యాక వచ్చేవి కావు. చిగుళ్ల లోపల పన్ను తయారవుతున్నప్పుడు, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీళ్లే ఆ మచ్చ వేస్తాయి. తర్వాత ఏ ఊరెళ్లినా పోదు. అంటే మనిషి చిన్నప్పుడు ఏ నీళ్లు తాగాడో చెప్పే రికార్డు నోట్లోనే ఉంటుంది, తోముకున్నా చెరగదు. మా క్లాస్‌మేట్ ఒకడు మొదటి జీతాలు కూడబెట్టి హైదరాబాద్‌లో ముందుపళ్లకి తొడుగులు వేయించుకున్నాడు. డాక్టరమ్మ నోరు తెరవగానే అడిగిందట, 'మీది ప్రకాశమా, నల్గొండా' అని. ఆధార్ కార్డు అడగలేదు.

ఇక్కడ అసలు విషయానికి వస్తాను. 1937లో 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో ఒక పరిశోధన అచ్చయింది. రాసింది షార్ట్, పండిట్, రాఘవాచారి. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. విషయం నెల్లూరు జిల్లాలో జనానికి వస్తున్న ఫ్లోరోసిస్. ఆ నెల్లూరు జిల్లా అంటే సముద్రం పక్క నెల్లూరు కాదు, అప్పట్లో అందులో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి వైపు. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బుని గుర్తించి రాసిన మొదటి పరిశోధనల్లో ఇది లెక్కకొస్తుంది. బోర్లు రాకముందు, ఊళ్లలో ఉన్నవి తోడుబావులే అయిన రోజుల్లో. అంటే మన వ్యాసకర్తలు కొబ్బరినీళ్లంటున్న బావులే.

ఎనభై ఏళ్లు దాటింది. ఫ్లోరైడ్ అనగానే ఎవరికైనా నల్గొండ గుర్తొస్తుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి కూడా నల్గొండ పద్ధతి అనే పేరు. నల్గొండ బాధ చిన్నదని కాదు. నల్గొండ వాళ్లు దాని మీద పాట కట్టారు, కథ రాశారు, ఢిల్లీ దాకా మోసుకెళ్లారు. మనం ముంజల గురించి రాశాం. (మా మిట్టల్లో తాటిచెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మరీ ఈ మాట అంటున్నాను.)

ఒక జవాబు వస్తుందని తెలుసు. జ్ఞాపకం సాహిత్యం బాబూ, ల్యాబ్ రిపోర్ట్ కాదు. ఆయన రుచి గుర్తుచేసుకుంటుంటే నువ్వు మిల్లీగ్రాములు అడుగుతావేం? కానీ నిజమైన జ్ఞాపకానికి ఇంతకంటే కళ్లు ఎక్కువే ఉంటాయి. నామిని 'మిట్టూరోడి కతలు'లో పేదరికానికి అత్తరు పూయలేదు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో కావలి ఇంట్లో డబ్బులు ఎలా వచ్చేవో ఎలా రాకపోయేవో పిల్లవాడికి తెలుసు. వాళ్లూ గుర్తుచేసుకున్నారు, వాళ్లవీ నవ్విస్తాయి. తేడా ఎక్కడంటే, గుర్తుచేసుకుంటున్న పిల్లవాడు ఏ వీధిలో నిలబడి చూస్తున్నాడో ఆ పుస్తకాలు దాచవు.

మన వ్యాసంలో అది దాగింది. నాలుగూళ్ల వాళ్లు బిందెలతో వచ్చేవారన్నాడు. సరే. చేద వేసి తోడుకున్నది ఎవరు? బిందె కిందపెట్టి దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి పోస్తారేమోనని చూసింది ఎవరు? మాలపల్లెకీ మాదిగపల్లెకీ వేరే బావి ఉందా, అది ఎన్ని మట్లు, ఎండాకాలం ఏమయ్యేది? మన జిల్లా పేరుతోనే చరిత్రకెక్కిన కారంచేడు, 1985 జులై 17న, తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవే. నీళ్ల గురించి రాస్తూ కులం ఊసెత్తకపోవడానికి ఇక్కడ చాలా కష్టపడాలి. మనవాళ్లు ఆ కష్టం పడుతున్నారు.

మాకు స్థానిక చరిత్ర లేకపోవడానికి ఒక పాలనాపరమైన కారణం కూడా ఉందని ఒప్పుకుంటాను. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది. 1972లో ప్రకాశం అయింది. గుంటూరు నుంచి కొంత, నెల్లూరు నుంచి కొంత, కర్నూలు నుంచి కొంత కోసి కుట్టారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలువి. పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరువి. పాతకాలం సంగతులు కావాలంటే ఒకదానికి బాస్వెల్ 1873లో రాసిన నెల్లూరు మాన్యువల్ తెరవాలి, పక్క ఊరికి నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1886లో రాసిన కర్నూలు మాన్యువల్ తెరవాలి. నెల్లూరు చరిత్ర రాసేవాళ్లు 1970 తర్వాత మమ్మల్ని వదిలేశారు. ఒంగోలులో కూర్చుని రాసేవాళ్లు అద్దంకి, మోటుపల్లి, టంగుటూరి ప్రకాశం దాటి పడమరకి రారు, వస్తే కంభం చెరువు దగ్గర ఆగి ఫోటో దిగి వెళ్తారు.

అయినా కాగితాలు లేవనడం మాత్రం అబద్ధం. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలు మూడు సంపుటాల్లో వేశారు. తాలూకా ప్రకారం, ఊరి ప్రకారం. స్కాన్ దొరుకుతుంది, ఉచితం. 1899లో లండన్‌లో అచ్చయిన 'వైల్ సోయింగ్ శాండల్స్' అనే పుస్తకం ఉంది. రాసింది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ భార్య. ఒంగోలు చుట్టుపక్కల మాదిగలు తమ పుట్టుక గురించి, దేవతల గురించి, గురువుల గురించి చెప్పుకునే కథల్ని వాళ్లని అడిగి రాసుకుంది. ఆవిడ మతం ఆవిడది, ఆవిడ చూపులోని లోపాలు ఆవిడవి. కానీ చెప్పులు కుట్టే మనిషి ఎదురుగా కూర్చుని 'నువ్వు చెప్పు' అనడం నూట ఇరవై ఏళ్ల కిందట పరాయి దేశం మనిషికి తోచింది. పక్క వీధిలో పుట్టిన మనకి ఇవాళ్టికీ తోచడం లేదు.

దీన్ని చేయదగిన పనిగా చూసినవాళ్లు వేరే చోట్ల ఉన్నారు. ఇంగ్లండులో విక్టోరియా కౌంటీ హిస్టరీ అని 1899లో మొదలుపెట్టారు, ఒక్కో జిల్లా, ఒక్కో ఊరు. ఇంకా పూర్తి కాలేదు, పూర్తి కాలేదని ఆపలేదు. అంతకంటే నాకు ఇష్టమైంది రొనాల్డ్ బ్లైత్ 1969లో తెచ్చిన 'ఏకెన్‌ఫీల్డ్'. సఫోక్‌లో పుట్టిన మనిషి, తన చుట్టూ ఉన్న పల్లెల్లో జనాన్ని మాట్లాడించి రాసుకున్నాడు. కూలీ, కమ్మరి, నర్సు, సమాధులు తవ్వేవాడు. ఊరికి పేరు మార్చాడు. చదువుతుంటే ఆ పచ్చటి ఇంగ్లీషు పల్లె క్యాలెండర్ బొమ్మ మన కళ్లముందే పెచ్చులూడుతుంది. ముసలి కూలీల మాటల్లో ఆకలి ఉంటుంది, యజమాని భయం ఉంటుంది, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లడం కూడా పొలం పని నుంచి తప్పించుకోవడంలా వినపడుతుంది. ఆ పుస్తకం ఊరిని ప్రేమించలేదని ఎవరూ అనలేరు.

అంత దూరం ఎందుకు. గిద్దలూరు దాటి దక్షిణానికి పోతే కడప జిల్లా పోరుమామిళ్ల వస్తుంది. అక్కడి చెరువు శాసనం 1369 నాటిది, సంస్కృతం. రాజుల్ని పొగడటం ఉంది, లేక కాదు. దాంతోపాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క ఉంది. చెరువుకి ఉండాల్సిన గుణాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని కూడా ఉంది. ఆరున్నర వందల ఏళ్ల కిందటి రాయి మీద ఉన్నంత సమాచారం మన జ్ఞాపకాల పుస్తకాల్లో లేదు. కంభం చెరువు కథ చెప్పమంటే వరదరాజమ్మ అనే రాణి పేరు చెప్పి ఊరుకుంటాం, కట్ట మీద మట్టి పోసినవాళ్ల తండాల గురించి మాట రాదు.

తొందర ఎందుకంటే, సాక్షులు పోతున్నారు. తోడుబావుల నీళ్లే తాగి పెరిగిన తరానికి ఇప్పుడు డెబ్బై దాటింది. నడికుడి–శ్రీకాళహస్తి రైలు దారి మా మీదుగా పడింది, సర్వే రాళ్లతోపాటు కొన్ని పొలాల పేర్లు కూడా పోతాయి. వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన 1996లో జరిగింది. ఆ శంకుస్థాపన నాడు ఒకటో తరగతిలో ఉన్న నాలాంటివాళ్లు ఇప్పుడు పిల్లల్ని బడిలో వేస్తున్నారు. సొరంగాల్లోంచి కృష్ణ నీళ్లు వస్తాయని వింటూ పెరిగి, వాటిని చూడకుండా వలస వెళ్లిన మనుషుల సంగతి ఏ 'మా ఊరు'లో ఉంది? మా వైపు వాళ్లు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకి ఇటుకలు మోశారు. ఆ అపార్ట్‌మెంట్లలో కూర్చుని మేం ఊరి గురించి రాస్తున్నాం.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి ఒక వడ్డెర పెద్దాయన్ని అడిగాను, ఇక్కడ బావులు ఎవరు తవ్వారని. నవ్వాడు. 'ఎవురు తవ్వుతారయ్యా, మేమే' అన్నాడు. తర్వాత గంటన్నర చెప్పాడు. ఎన్ని మట్ల దగ్గర రాయి తగిలింది, మందు పెట్టి పేల్చినప్పుడు ఎవరి చెయ్యి పోయింది, కూలి డబ్బుగా ఎంత, జొన్నలుగా ఎంత, నీళ్లు పడ్డ రోజున యాటను కోసి పెట్టారని, ఆ తర్వాత అదే బావిలో తాము దిగి తోడుకోవడానికి ఒప్పుకోలేదని. మంచి బావి ఏదని అడిగితే ఏమాత్రం ఆలోచించకుండా ఒకటి చూపించాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన గోడకి ఆనుకునే ఉన్నాడు, కూర్చోలేడు.

ఆ వ్యాసం రాసినాయన దీనికి జవాబు రాస్తే సంతోషం. రాసేముందు ఆ బావి ఏ వీధిలోదో, ఎన్ని మట్లదో, ఎవరు తవ్వారో, ఎవరిని తోడనివ్వలేదో కనుక్కోమని మనవి. ఆయన ఐదో తరగతి గ్రూప్ ఫోటో ఉంటే అది కూడా పెట్టమని అడుగుతాను, పళ్లు కనపడేది.